నిలబడితే ఒక ధర, కూర్చుంటే ఒక ధర

మొదటి రోజు, టురిన్

పొద్దున్న ఎనిమిది గంటలకి పోర్టా నువోవా స్టేషన్ ఎదురుగా ఉన్న చిన్న బార్‌లోకి వెళ్ళాం, నేనూ మా అక్కా. ఇటలీలో బార్ అంటే పొద్దున్న పూట కాఫీ కొట్టే. తలుపు దగ్గర గల్లా ఉంటుంది. ముందు అక్కడ డబ్బు కట్టి రశీదు తీసుకోవాలి. దాన్ని స్కొంత్రీనో అంటారు. ఆ కాగితం ముక్క కౌంటర్ మీద పెట్టి ఏం కావాలో చెప్తే నిమిషంలో కాఫీ ముందుంటుంది. ఒక ఎస్ప్రెసో, అంటే చిన్న కప్పులో చిక్కటి కాఫీ, 1.20 యూరోలు.

నా ఎడమపక్క ఇద్దరు పెయింటర్లు, బట్టల నిండా రంగు చారలు. అక్కకి కుడిపక్క ఖరీదైన కోటులో ఒకాయన, చేతిలో తోలు బ్యాగు. అందరం అన్నది ఒకటే మాట, "ఉన్ కఫే", అంటే ఒక కాఫీ. అందరికీ వచ్చింది ఒకటే రకం మందపాటి తెల్ల కప్పు, అడుగున మూడు గుక్కల కాఫీ. పెయింటర్లు తాగారు, కోటాయన తాగాడు, కప్పులు సాసర్లలో పెట్టేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నేను మాత్రం అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

ఎందుకో చెప్పాలి. చదువుకునే రోజుల్లో రెండేళ్ళపాటు సాయంత్రాలు ఒక పెద్ద కాఫీ కంపెనీ దుకాణంలో కౌంటర్ వెనక పనిచేశాను. చేరిన నెల లోపే, ఆర్డర్ వినగానే మనిషి జేబు అంచనా వేయడం అలవాటైపోయింది. వోట్ పాలు, రెండు షాట్లు, చక్కెర లేని వెనీలా అంటూ పొడుగ్గా చెప్పేవాళ్ళు ఒక వరస. బోర్డు మీద అన్నిటికన్నా తక్కువ ధర ఉన్న మామూలు కాఫీ, అందులోనూ చిన్న కప్పు అడిగేవాళ్ళు ఇంకో వరస. నా గొంతు కూడా దాన్నిబట్టే మారేది. ఒక సాయంత్రం ఒక పెద్దాయన బోర్డు వైపు చాలాసేపు చూసి చిన్న కప్పు అడిగారు. "ఇంకేం కావాలండీ?" అన్నాను. మాకు అలా అడగమనే చెప్పారు. ఆయన తల అడ్డంగా ఊపారు. మళ్ళీ అడిగాను. చిల్లర లెక్కపెడుతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. "వద్దు బాబూ" అని కప్పు తీసుకుని, కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా బయటికి వెళ్ళిపోయారు. ఆయన ముఖం మరిచిపోయాను. ఆగిన చెయ్యి మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

ఆ బోర్డు మీదున్న మాటలన్నీ ఇటలీ మాటలే. లాటే, కపుచీనో, మకియాటో. పుట్టిన చోట కూడా అవి మనుషుల్ని ఇలాగే కొలుస్తాయా అన్నది చూడాలని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. అక్క లెక్కల మనిషి, ఆఫీసులో పద్దులు చూస్తుంది. "నువ్వు మనుషుల్ని చూడు, నేను రశీదులు దాస్తాను" అంది. ఒక గోధుమరంగు కవరు కూడా తెచ్చుకుంది.

మధ్యాహ్నం కన్సొలాటా చర్చి ఎదురుగా ఉన్న పాత కఫేకి వెళ్ళాం. 1763 నుంచీ ఉంది. అక్కడి బిచెరిన్ పేరు మీదే ఆ కఫే నడుస్తోంది. చిన్న గాజు గ్లాసులో కింద వేడి చాక్లెట్, కాఫీ, పైన చల్లటి పాల మీగడ. కలపకుండా తాగాలి. పాలరాతి బల్లలు చిన్నవి, మోకాళ్ళు తగులుతాయి, ప్రతి బల్ల మీదా ఒక కొవ్వొత్తి. చాక్లెట్, కాఫీ రెండూ సముద్రాలు దాటి వచ్చే రోజుల్లో ఆ రెంటినీ ఒకే గ్లాసులో తాగడమంటే చిన్న విషయం కాదు. అప్పట్లో దాన్ని మూడు రకాలుగా అడిగేవారట. కాఫీ, పాలు చాలన్నవాళ్ళకి ఒక పేరు, కాఫీ, చాక్లెట్ కావాలన్నవాళ్ళకి ఇంకో పేరు, అన్నీ కొంచెం కొంచెం అన్నవాళ్ళకి మూడో పేరు. ఇటలీని ఏకం చేసిన కవూర్ ఇక్కడికి వచ్చేవాడని గర్వంగా చెబుతారు. నాకు అంతకన్నా నచ్చింది ఇంకొకటి. మిగతా కఫేలు మగవాళ్ళతో నిండిపోయిన కాలంలో, చర్చి నుంచి వచ్చే ఆడవాళ్ళు జంకు లేకుండా కూర్చోగలిగిన చోటు ఇది. దీన్ని నడిపినవాళ్ళూ ఎక్కువగా ఆడవాళ్ళే.

రెండో రోజు, మిలాన్

టురిన్ నుంచి వేగం రైల్లో గంట. దారిలో అక్క ఎస్ప్రెసో చరిత్ర చెప్పమంది. నాకు తెలిసింది చెప్పాను. ఆవిరితో కాఫీ దించే యంత్రానికి టురిన్ మనిషి ఆంజెలో మొరియోందో 1884లో పేటెంట్ తీసుకున్నాడు. అది ఒకేసారి చాలామందికి కాఫీ తీసేది. ఒక్కొక్కరికి ఒక్కో కప్పు అప్పటికప్పుడు తీసే యంత్రాన్ని మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా 1901లో తయారుచేశాడు. దెసిదేరియో పావోని ఆ హక్కులు కొని 1905లో అమ్మకం మొదలుపెట్టాడు. నిలువెత్తు ఇత్తడి గోపురాల్లాంటి ఆ యంత్రాలు కొనే స్తోమత ముందు పెద్ద హోటళ్ళకీ ఖరీదైన బార్లకే ఉండేది. అంటే ఎస్ప్రెసో మొదట్లో డబ్బున్నవాళ్ళ పానీయమే. మామూలు ఇళ్ళలో కాఫీ రుచి మార్చింది 1933లో వచ్చిన బియాలెత్తి మోకా, ఎనిమిది పలకల అల్యూమినియం పాత్ర.

అదే మిలాన్‌లో అకిల్లె గజ్జియా 1938లో ఆవిరి లేకుండా వేడినీటిని ఒత్తిడితో పంపే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మీట లాగే యంత్రం వచ్చింది. కాఫీ మీద బంగారు రంగు నురగ కట్టడం అప్పటి నుంచే. 1950ల తర్వాత ఇటలీ దక్షిణాది నుంచి లక్షల మంది మిలాన్, టురిన్ ఫ్యాక్టరీలకి వలస వచ్చారు. వీధి మలుపుకి ఒక బార్, బార్‌కి ఒక యంత్రం. షిఫ్టుకి ముందు నిలబడి తాగే కాఫీ అలా అందరిదీ అయింది.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల నుంచీ నగర పాలకులకి నిత్యావసరాల మీద ధర కట్టడి పెట్టే అధికారం ఉండేది. కూర్చోబెట్టి వడ్డించని కాఫీ ఆ కట్టడిలోకి వచ్చింది. కాబట్టి కౌంటర్ దగ్గర ధర పెరగలేదు. యజమానులు డబ్బు కుర్చీ దగ్గర సంపాదించుకున్నారు. ఇప్పుడు ఆ కట్టడి లేకపోయినా జనం మనసులో అది అలాగే ఉంది. నేను దుకాణంలో పనిచేసిన రెండేళ్ళలో ఒక్కరోజు కూడా నాకు తట్టని విషయం ఇది.

మధ్యాహ్నం మోంటెనపోలియోనె వీధికి వెళ్ళాం. ఈ వీధిలో చేతిసంచీ ధర చూస్తేనే టెన్షన్ వస్తుంది. ఇక్కడి కోవా 1817 నాటి మిఠాయి కఫే. ఇప్పుడు విలాస వస్తువులమ్మే ఒక పెద్ద ఫ్రెంచి సంస్థ చేతిలో ఉంది. కౌంటర్ దగ్గర నిలబడి ఎస్ప్రెసో తాగాం. మామూలు బార్ కంటే కాస్త ఎక్కువే అయినా మనం కట్టగలిగిన ధరే. నాలుగు అడుగులు వెనక్కి వేసి, తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చుంటే అదే కాఫీకి ఎన్నో రెట్లు. అక్క రెండు ధరలూ చూసి రశీదు వెనక పెన్నుతో రాసుకుంది.

కొర్డూజియో కూడలిలో పాత తపాలా భవనంలో స్టార్‌బక్స్ పెద్ద దుకాణం ఉంది. 2018లో తెరిచారు. ఆ కంపెనీని పెంచి పెద్ద చేసిన హోవర్డ్ షుల్ట్జ్ 1983లో మిలాన్ బార్లు చూసి వెళ్ళాకే తన వ్యాపారానికి రూపం ఇచ్చుకున్నాడు. ఇక్కడి మాటలు పట్టుకెళ్ళి, 35 ఏళ్ళకి తిరిగి ఇక్కడికే తెచ్చాడు. ఆ పక్క సందులో ఒక మామూలు బార్‌లో అక్క "లాటే" అడిగింది. గ్లాసు నిండా పాలు ఇచ్చారు. లాటే అంటే ఇటాలియన్‌లో పాలే. కాఫీ కలిపితే కఫేలాటే, అది ఎక్కువగా ఇంట్లో పొద్దున్న తాగేది. మకియాటో అంటే మచ్చ పడ్డది, కాఫీ మీద పాల మచ్చ. కపుచీనో పేరు కపూచిన్ సన్యాసుల గోధుమరంగు అంగీ నుంచి వచ్చింది. ఇన్నాళ్ళూ నేను హోదాలనుకున్న పేర్లు ఇక్కడ పాలు, మచ్చ, అంగీ. అక్క ఆ పాలు మొత్తం తాగేసింది.

మూడో రోజు, వెనిస్

రెండున్నర గంటల ప్రయాణం. స్టేషన్ బయట మెట్లు దిగితే ఎదురుగా కాలువే.

సాన్ మార్కో చౌకులో ఫ్లోరియాన్. 1720 డిసెంబరు 29న ఫ్లోరియానో ఫ్రాంచెస్కోని తెరిచాడు. మూడు వందల ఏళ్ళు దాటింది. లోపల చిన్న చిన్న గదులు, గోడల మీద బొమ్మలు, ఎర్ర మఖ్మల్ సోఫాలు. బయట చౌకులో కుర్చీలు, ఎత్తైన అరుగు మీద వాయిద్యాల వాళ్ళు. వాళ్ళు వాయిస్తున్నప్పుడు కూర్చుంటే కాఫీ ధర కాక సంగీతానికి తలకి ఇంత అని విడిగా వేస్తారు. ఆ మాట ధరల పట్టికలో స్పష్టంగానే రాసి ఉంది. రెండు కపుచీనోలు తాగి లేచేసరికి బిల్లు 30 యూరోలు దాటింది.

అక్క కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "కాఫీ ఎంత, కుర్చీ ఎంత, పాట ఎంత, అన్నీ విడివిడిగా చెప్పారు. చక్కటి బిల్లు" అంది. నేనూ అదే అనుకున్నాను. ఆ ఎండలో గంటసేపు ఎవరూ లెమ్మనకుండా కూర్చునే హక్కు మేం కొనుక్కున్నాం. మా బల్ల ముందు నుంచి వందల మంది నడుచుకుంటూ పోయారు. కొందరు పట్టిక తెరిచి, ధర చూసి, మెల్లగా మూసేసి పక్కకి తప్పుకున్నారు. ఒక చిన్నపిల్ల కుర్చీలో కూర్చోబోతే వాళ్ళమ్మ చెయ్యి పట్టి లేపేసింది. ఆ తల్లి ముఖంలోని తొందర చూశాక నా కప్పులో మిగిలిన కాఫీ రుచి తగ్గింది.

చౌకుకి అవతలి వైపు క్వాద్రి అని ఇంకో కఫే. ఆస్ట్రియా వాళ్ళు వెనిస్‌ని ఏలిన రోజుల్లో వాళ్ళ అధికారులు క్వాద్రిలో, వెనిస్ దేశభక్తులు ఫ్లోరియాన్‌లో కూర్చునేవారు. 1848 తిరుగుబాటులో గాయపడ్డవాళ్ళకి ఫ్లోరియాన్ గదుల్లోనే చికిత్స చేశారు. అప్పట్లో ఏం తాగావన్నది ఎవరికీ పట్టలేదు. ఏ వైపు కూర్చున్నావన్నదే ముఖ్యం.

సాయంత్రం రెండు వంతెనలు దాటి ఒక సందు బార్‌లో నిలబడి ఎస్ప్రెసో తాగాం. పడవ నడిపేవాళ్ళు, సరుకుల బండ్లు తోసేవాళ్ళు. 1.30 యూరోలు. అక్క రెండు రశీదులూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసింది.

నాలుగో రోజు, ట్రియెస్టె

చివర్లో కాసేపు రైలు సముద్రం పక్కనే పోతుంది. కుడివైపు కూర్చోండి.

ఈ ఊరి గురించి ఎంత రాసినా చాలదు. 1719లో ఆస్ట్రియాని ఏలిన చక్రవర్తి ఆరో చార్లెస్ దీన్ని సుంకాలు లేని రేవుగా ప్రకటించాడు. అప్పటి నుంచీ కాఫీ బస్తాలు ఇక్కడ దిగుతూనే ఉన్నాయి. ఇల్లీ సంస్థ 1933లో ఇక్కడే పుట్టింది. 1830 నాటి తొమ్మజేయో, 1914 నాటి సాన్ మార్కో కఫేలు ఇంకా నడుస్తున్నాయి.

ఇక్కడ కాఫీ అడగడానికి వేరే భాష కావాలి. ఎస్ప్రెసో కావాలంటే "నేరో" అనాలి, అంటే నలుపు. మకియాటో కావాలంటే "కాపో". దాన్నే చిన్న గాజు గ్లాసులో కావాలంటే "కాపో ఇన్ బి". బి అంటే బిక్కియేరె, గ్లాసు. కెఫీన్ లేకుండా కావాలంటే మధ్యలో "దెకా" చేరుతుంది. మామూలు కపుచీనో పెద్ద కప్పులో కావాలంటే "కఫేలాటే" అనాలి. నేను మూడుసార్లు మనసులో అనుకుని "కాపో ఇన్ బి" అన్నాను. కౌంటర్ వెనకున్న పెద్దావిడ ముఖం విప్పారింది.

ఆర్డర్ మనిషి గురించి ఏదో చెబుతుందన్నది నిజమేనని ఇక్కడ ఒప్పుకోవాల్సి వచ్చింది. అయితే ఇక్కడ అది చెప్పేది ఈ ఊరివాడివా, బయటివాడివా అన్నది. రేవులో మూటలు మోసినవాడూ, ఓడలకి బీమా రాసినవాడూ అదే "కాపో ఇన్ బి" అంటారు. డబ్బుంటే ఆ మాట రాదు. ఇక్కడ బతికితే వస్తుంది.

రేవు వైపు నడిచాం. బ్రెజిల్, వియత్నాం, ఉగాండా, మన దేశం, అన్ని చోట్ల నుంచీ బస్తాలు ఈ దేశానికి వస్తాయి. మన కాఫీని చాలా ఏళ్ళుగా అన్నిటికన్నా ఎక్కువగా కొంటున్నది ఇటలీయే. ఇక్కడి ఎస్ప్రెసోకి చిక్కదనం, నురగ ఇచ్చే రొబస్టా గింజల్లో మనవీ ఉంటాయి. కౌంటర్ దగ్గర అందరూ సమానమే అని మూడు రోజులుగా మురిసిపోతున్న నాకు, ఆ గింజ కోసిన చెయ్యి ఏ కౌంటర్ దగ్గరా నిలబడలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కప్పు ధర ఒక యూరో చిల్లర దగ్గర ఆగిందంటే, ఆ ఆగడం భారం కొంత తోట దాకా వెళ్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోలేకపోయాను.

సాయంత్రం పూట కాఫీ తాగితే అక్కకి నిద్ర పట్టదు. "ఓర్జో" అడిగింది, అంటే వేయించిన బార్లీ కషాయం. 1935లో ఇథియోపియా మీద దండెత్తినందుకు ఇటలీ మీద నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది. అసలు కాఫీ కరువై జనం బార్లీ, చికోరీ కాచుకుని తాగారు. యుద్ధం రోజుల్లోనూ అంతే. కాఫీ పుట్టిన దేశం మీద దండెత్తినవాళ్ళకే కాఫీ లేకుండా పోయింది. బార్లీ ఆ కాలంలో లేమికి గుర్తు. ఇప్పుడు అది ఆరోగ్యం చూసుకునేవాళ్ళ పానీయం. రశీదు చూస్తే నా ఎస్ప్రెసో కంటే అక్క బార్లీకే ఎక్కువ పడింది. పానీయం ఏమీ మారలేదు, తాగే మనుషులు మారారు.

ఐదో రోజు, రైల్లో

ట్రియెస్టె నుంచి నేపుల్స్ దాకా, మధ్యలో ఒక మార్పుతో, పగలంతా ప్రయాణం. రైలు ఫ్లోరెన్స్ దగ్గర ఆగినప్పుడు అక్కకి ఒక సంగతి చెప్పాను. 2022లో ఇక్కడ ఒక బార్‌లో కెఫీన్ తీసేసిన ఎస్ప్రెసోకి 2 యూరోలు తీసుకున్నారని ఒకాయన పోలీసుల్ని పిలిచాడు. ధర కౌంటర్ దగ్గర కనబడేలా రాయలేదని యజమానికి 1,000 యూరోల జరిమానా పడింది. మంచి గింజలకి ఎక్కువ ఇస్తున్నాను కాబట్టి ధర ఎక్కువని ఆ యజమాని వాదన. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది.

"ఒకటి చెప్పనా?" అంది అక్క. "ధర ఒకటే కదా అని మనుషులు ఒకటే అనుకుంటున్నావు నువ్వు. ఆ టురిన్ పెయింటర్ నిలబడింది పనికి టైమైందని. కోటాయన నిలబడింది అలవాటై. ఆయన కావాలంటే కూర్చోగలడురా."

కాసేపు నేనేమీ అనలేకపోయాను. ఆవిడ మాటలో తప్పు లేదు. చివరికి ఒక్కటే అన్నాను. "నిజమేనక్కా. కానీ ఆ రెండు నిమిషాలూ కౌంటర్ వెనకున్నవాడు పెయింటర్ని ఇంకేం కావాలని అడగలేదు. నేను అడిగేవాణ్ణి."

అక్క కిటికీ వైపు తిరిగింది. నా మోచేతి మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

ఆరో రోజు, నేపుల్స్

ముందుగా అందరూ చూసే గాంబ్రీనస్. 1860 నాటిది, అద్దాలు, బంగారు పూతలు. ఫాసిస్టుల వ్యతిరేకులు చేరుతున్నారని 1938లో దీన్ని మూయించారు. తలుపు దగ్గర ఒక పెద్ద కాఫీ పాత్ర ఉంటుంది. అది "కఫే సోస్పేసో" కోసం. ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బు కట్టి, రెండో రశీదు అందులో వేసి వెళ్ళిపోతే, తర్వాత ఎవరైనా అవసరమున్నవాళ్ళు వచ్చి తాగుతారు. సోస్పేసో అంటే ఆపి ఉంచినది. నేపుల్స్‌లో ఇది చాలా పాత అలవాటు. 2010 నుంచీ కొన్ని సంఘాలు కలిసి దీన్ని మిగతా ఊళ్ళకీ తీసుకెళ్తున్నాయి.

అక్కడ జనం ఫోటోలు తీసుకుంటున్నారు. మేం అక్కడి నుంచి నడుచుకుంటూ సనితా పేటకి వెళ్ళాం. బట్టలు ఆరేసిన బాల్కనీలు, స్కూటర్ల మోత, నలుగురు నిలబడితే నిండిపోయే బార్. ఇక్కడ ముందు ఒక చిన్న గ్లాసుతో నీళ్ళు ఇస్తారు, నోరు శుభ్రం చేసుకుని కాఫీ తాగాలని. కప్పు మరిగే నీళ్ళలోంచి తీస్తారు, పెదవి కాలుతుంది. కాఫీ నల్లగా, చిక్కగా, చాక్లెట్ పాకంలా. 1.10 యూరోలు. ఆరు రోజుల్లో ఇదే మంచి కాఫీ, సందేహం లేదు.

మేం తాగుతుండగా ఒక ముసలాయన గుమ్మం దగ్గర నిలబడి ఏదో అడిగాడు. నాకు "సోస్పేసో" ఒక్కటే అర్థమైంది. కౌంటర్ వెనకున్న కుర్రాడు గాజు సీసాలోంచి ఒక రశీదు తీసి చింపేసి, తల ఊపి, యంత్రం మీట లాగాడు. ముందు నీళ్ళ గ్లాసు పెట్టాడు. మరిగే నీళ్ళలోంచి కప్పు తీశాడు. మాకు ఇచ్చిన కప్పే, మాకు ఇచ్చిన సాసరే. మేం కాస్త జరిగితే ముసలాయన నా పక్కన నిలబడ్డాడు. చక్కెర రెండు పొట్లాలు వేసుకుని మెల్లగా కలిపాడు. కుర్రాడు ఆయన్ని ఏమీ అడగలేదు. ఫుట్‌బాల్ గురించి ఏదో అన్నాడు, ముసలాయన చెయ్యి ఊపి కొట్టిపారేశాడు, ఇద్దరూ నవ్వారు.

నాకు కళ్ళు చెమర్చాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ముసలాయన వెళ్ళాక అక్క గల్లా దగ్గరికి వెళ్ళి ఇంకో మూడు కాఫీలకి డబ్బు కట్టింది. మూడు రశీదులు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది. "అది నువ్వెయ్యి" అంది. సీసా మూతి చిన్నది, కాగితాన్ని రెండు మడతలు పెట్టి దూర్చాల్సి వచ్చింది. హోటల్‌కి వచ్చాక అక్క గోధుమరంగు కవరు మంచం మీద బోర్లించి లెక్కలు కలిపింది. మూడు రశీదులు తక్కువ వచ్చాయి. కాగితం చివర "సోస్పేసో, 3.30" అని చేత్తో రాసి కవరు మూసేసింది.